చూరు నీళ్ళకు చోటెంత కావాలి?

ప్రతి వీధికీ ఒక పల్లపు యిల్లు వుంటుంది. మబ్బు కమ్మగానే తక్కిన యిళ్ళలో పకోడీలకు శనగపిండి కలుపుతూంటే, ఆ యింట్లో బియ్యం డబ్బా బల్ల మీదికీ, పిల్లల పుస్తకాలు అటక మీదికీ ఎక్కుతూంటాయి. గుమ్మానికి అడ్డంగా ఇసుక మూటలు పడతాయి. యింటి యజమాని పంచె ఎగగట్టి గేటు దగ్గర నిలబడి వీధి పైకి చూస్తూ వుంటాడు. ఆయన చూసేది ఆకాశం వైపు కాదు. ఎగువనున్న మన యిళ్ళ వైపు.

ఆయన చూపులో అర్థం లేకపోలేదు. ఆయన గుమ్మంలోకి వచ్చే నీటిలో ఆయన నెత్తిమీద కురిసింది కొద్దిపాటిదే. తక్కినదంతా మన డాబాల మీదా, మన గచ్చుల మీదా పడి, అక్కడ నిలవడానికి చోటు లేక ఆయన యిల్లు వెతుక్కుంటూ వెళ్ళిన నీరు. మనం యిల్లు కట్టించేటప్పుడు మేస్త్రి ఒక హామీ యిచ్చాడు గుర్తుందా? "మీకేం భయం లేదండీ, చుక్క నీరు నిలవకుండా గేటువైపు వాటం పెట్టేస్తాను" అని. మనం సంతోషించాం. ఆ వాటం ఎక్కడికి పోయి ఆగుతుందో మేస్త్రీ చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఆ నీరెంతో ఒకసారి లెక్క వేసి చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం వాన కురిస్తే వచ్చే నీరు 83 ఘనపు అడుగులు. అంటే సుమారు 2,350 లీటర్లు. బిందెకు పదిహేను లీటర్లు పడతాయనుకుంటే నూటయాభై బిందెల పైచిలుకు. వీధిలో అలాంటి యిళ్ళు ముప్ఫై వుంటే డెబ్భైవేల లీటర్లు. ఒక్క అంగుళం వానకే! గచ్చు చేసిన పెరళ్ళు, సిమెంటు రోడ్డు యిందులో కలపలేదు.

ఇదే వీధిలో వేసవిలో యేం జరుగుతుందో హైదరాబాదులో వుండేవారికి చెప్పనక్కర్లేదు. బోర్లు ఎండిపోయి 5,000 లీటర్ల ట్యాంకరు కోసం ఎదురు చూపులు. హైదరాబాదులో యేడాదికి కురిసే వాన సుమారు 80 సెంటీమీటర్లు. వెయ్యి అడుగుల డాబా మీద పడే దానిలో కొంత ఆవిరై, కొంత చెదిరిపోయినా, పదమూడు ట్యాంకర్ల నీరు మిగులుతుంది. వానాకాలంలో పదమూడు ట్యాంకర్లు పొరుగువారి యింట్లోకి తోలి, యెండాకాలంలో డబ్బిచ్చి తిరిగి కొనుక్కుంటున్నామన్నమాట.

అరటి పాదుల నాటి సంగతి

మన పెద్దవాళ్ళు యీ విషయంలో మనకంటె తెలివిగలవారని చెప్పడం నాకిష్టమే కాని, అన్నివేళలా అది నిజం కాదు. వాళ్ళకు సిమెంటు లేదు, అంతే. మండువా లోగిలిలో నాలుగు వాలుల నీరూ నట్టింటి గుంటలో పడి తూములోంచి పెరట్లోకి పోయేది. చూరు కింద గంగాళాలు పెట్టేవారు. బావి దగ్గర వాడిన నీళ్ళు చిన్న కాలవగుండా అరటి పాదుల్లోకి, చేమ మొక్కల్లోకి వెళ్ళేవి. పెరడంతా మట్టి గనుక తక్కిన నీరు అక్కడే యింకేది. యెవరూ ప్రత్యేకంగా పథకం వెయ్యలేదు. నీరు పోయే దారిలో మట్టీ, మొక్కా అడ్డు వున్నాయి గనుక దాని పరుగు తగ్గింది.

ఆ అరటి పాదునే కొలతలతో, లెక్కతో కడితే దానికి యీనాటి పేరు వానతోట. అమెరికాలో మేరీలాండు రాష్ట్రం, ప్రిన్స్ జార్జి కౌంటీలో 1990 ప్రాంతాల ఒక కొత్త కాలనీ కట్టేటప్పుడు, వాననీటి కోసం పెద్ద చెరువు తవ్వే బదులు ప్రతి యింటి ఆవరణలోనూ ఒక లోతు తక్కువ గుంట తవ్వి మొక్కలు వేశారు. అక్కడ పుట్టిన పద్ధతి తర్వాత దేశదేశాలకు పాకింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నీటి సంస్థ పదివేల తోటల లక్ష్యం పెట్టుకొని 2013 నాటికి దాన్ని చేరుకుంది.

పల్లపు యింటివారి పక్షాన ఆలోచించేవారికి అంతకంటె ముఖ్యమైనది మిన్నెసోటా రాష్ట్రంలోని బర్న్స్‌విల్ అనే ఊళ్ళో జరిగిన పరీక్ష. ఒకేలాంటి రెండు పేటలు తీసుకున్నారు. రెండింటి నీళ్ళూ యెంత వస్తున్నాయో ముందుగా కొలిచి పెట్టుకున్నారు. 2003లో ఒక పేటలో యిళ్ళముందు 17 తోటలు వేశారు. రెండో పేటను అలాగే వదిలేశారు. మళ్ళీ కొలిస్తే, తోటలున్న పేట నుంచి కాలవలోకి వచ్చే వాననీరు దాదాపు 90 శాతం తగ్గింది. అక్కడి వాన వేరు, మన వాన వేరు. అంకె యథాతథంగా మనకు వర్తించదు. కాని ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒక్క యిల్లు కాదు, వీధి అంతా కలిసి చేసిన పని అది. ఒక్కరి తోటవల్ల పల్లపు యింటికి ఒరిగేది ముప్ఫయ్యో వంతే.

ఇంకుడు గుంతలు వున్నాయి గదా, మళ్ళీ యిదెందుకని అడగవచ్చు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం తర్వాత పట్నాలలో యింటింటా గుంతలు తవ్వించారు. మంచి పనే. చిక్కేమిటంటే, గుంత పైన మూత పడ్డాక దాన్ని మరిచిపోతాం. డాబా మీది దుమ్ము, ఆకులు, పిట్టల రెట్ట అన్నీ కలిసి రాళ్ళ సందుల్లో మెత్తని బురదై పేరుకుంటాయి. కొన్నేళ్ళకు గుంత నీరు తాగడం మానేస్తుంది. రాళ్ళన్నీ తీసి కడిగితే తప్ప బాగుపడదు. ఎవరు కడుగుతారు? వానతోటలోనూ బురద చేరుతుంది గాని, అది కళ్ళకు కనిపిస్తూ వుంటుంది, గరిటెతో తీసి పారేయవచ్చు. పైగా మొక్కల వేళ్ళు మట్టిని గుల్లగా వుంచుతాయి. చోటున్నవాళ్ళకు తోట మేలు. చోటు లేనివాళ్ళకు గుంతే గతి.

లెక్క యిదీ

చాలామంది చేసే పని, పెరట్లో ఖాళీగా కనిపించిన మూల ఒక గుండ్రటి గుంట తవ్వి, నాలుగు మొక్కలు నాటి, గొట్టం అటు తిప్పడం. మొదటి వానకే అది పొంగి పొర్లుతుంది. లేకపోతే మూడు రోజులు నీరు నిలిచి దోమల మడుగవుతుంది. దాంతో "ఇవన్నీ మనకు పనికిరావండీ" అని పూడ్చేస్తారు. తోట తప్పు కాదది, కొలత తప్పు.

కొలతకు మూడు సంగతులు తెలియాలి. యెంత డాబా నీరు వస్తుంది, యెంత వానకు సిద్ధపడుతున్నాం, మీ నేల గంటకు యెంత తాగుతుంది.

డాబా సంగతి తేలిక. పిట్టగోడ లోపలి పొడవు, వెడల్పు గుణిస్తే సరి. అయితే డాబా నీరంతా ఒకే గొట్టంలోంచి రాదు. రెండు గొట్టాలుంటే వాటం యెటు యెంత వుందో వాన కురిసేటప్పుడు గొడుగు వేసుకొని పైకెక్కి చూడాలి. సరిగ్గా సగం సగం వస్తుందనుకొని మోసపోకండి.

ఇక వాన. హైదరాబాదులో యేడాదికి సుమారు యాభై రోజులు చెప్పుకోదగ్గ వాన పడుతుంది. 80 సెంటీమీటర్లను యాభై రోజులకు పంచితే రోజుకు 16 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో మూడింట రెండు వంతులకు లోపు. అందుచేత ఒక అంగుళం వానకు తోట సిద్ధంగా వుంటే యేడాదిలో చాలా రోజుల వాన గేటు దాటదు. రెండంగుళాలకు చేస్తే మరీ మంచిది గాని, చోటు రెట్టింపు కావాలి.

ఇప్పుడు సూత్రం. గుంటలో నీరు ఆరంగుళాల లోతున నిలుస్తుందనుకుందాం. డాబా వైశాల్యాన్ని వాన అంగుళాలతో గుణించి, గుంట లోతు అంగుళాలతో భాగించండి. అంతే. డాబాలో సగం, అంటే 500 చదరపు అడుగుల నీరు ఒక గొట్టంలోంచి వస్తే: 500 ఇంటు 1, భాగించు 6, వచ్చేది 83. ఆరడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు గుంట 84 చదరపు అడుగులు. సరిపోయింది.

కాని తోట మీద కూడా వాన పడుతుంది గదా అని చదువుకున్న పిల్లలెవరైనా అడుగుతారు. అడగాలి కూడా. ఒక అంగుళం వాన గంటసేపు కురిస్తే తోట మీద పడేది ఒక అంగుళం నీరు. నేల గంటకు ఒక అంగుళం తాగేదైతే ఆ రెంటికీ చెల్లు. అందుకే ఆ లెక్క కలపలేదు. నేల అంతకంటె మందకొడిదైతే మాత్రం తోట కొంచెం పెంచాలి.

ఇంకొక మెలిక. గుంట గోడలు నిట్టనిలువుగా తవ్వకూడదు; వానకు విరిగిపడతాయి. అర అడుగు లోతుకు ఒక అడుగు వాలు వుండాలి. అప్పుడు పై అంచు ఏడడుగులు, పదిహేనడుగులు. అడుగు భాగం ఐదు, పదమూడు. సగం లోతు దగ్గర కొలిస్తే ఆరు, పద్నాలుగు. మన లెక్క యెప్పుడూ సగం లోతు దగ్గరి కొలతకే. పై అంచు దగ్గర టేపు పెట్టి "84 వచ్చింది" అనుకుంటే తోట చిన్నదవుతుంది. పనివాళ్ళు చేసే పొరపాట్లలో యిది మొదటిది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంవారు గృహస్థుల కోసం వేసిన చేతిపుస్తకంలో మరో దారి వుంది. మూడు నుంచి ఐదంగుళాల లోతు తోటకు, గొట్టం దగ్గరలోనే వుంటే, ఇసుక నేలలో డాబా వైశాల్యంలో నూటికి 19 వంతులు, ఒండ్రు నేలలో 34, బంకమట్టిలో 43 వంతులు తోట కావాలంటారు. అది వాళ్ళ వానకు కట్టిన లెక్క గనుక మనం దాన్ని గుడ్డిగా పట్టుకోనక్కర్లేదు. కాని నేలనుబట్టి తోట రెండింతలకు పైగా మారుతుందని అది చెబుతోంది చూశారా, ఆ సంగతి మాత్రం యెక్కడైనా ఒకటే.

నేల తాగే వేగం

నేల పరీక్షకు యింజనీరు అక్కర్లేదు. తోట వెయ్యదలచిన చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వండి. నిండా నీళ్ళు పొయ్యండి. అవి యింకాక మళ్ళీ పొయ్యండి. ఈసారి ఒక స్కేలు నిలబెట్టి గంటకు నీరు యెన్ని అంగుళాలు దిగిందో రాసుకోండి. మొదటి నీళ్ళ లెక్క పనికిరాదు. ఎండిన నేల అత్యాశగా తాగుతుంది, తడిసిన నేలే అసలు గుణం చూపిస్తుంది.

ఈ మాట నల్లరేగడివారు మరీ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. గుంటూరు, కృష్ణా జిల్లాల రేగడి రోహిణీ కార్తెలో నెర్రెలు విచ్చి వుంటుంది. అప్పుడు పరీక్ష చేస్తే బిందెలకు బిందెలు మాయమవుతాయి. "ఆహా, మా నేల యెంత మంచిది!" అనిపిస్తుంది. రెండు వానలు పడ్డాక ఆ మట్టి వుబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఆ తర్వాత నీరు అంగుళం దిగడానికి పూటలు పడుతుంది. అందుచేత రేగడిలో గుంటను ఒక పగలూ ఒక రాత్రీ తడిగా వుంచి మర్నాడు కొలవాలి.

అంకె చేతికి వచ్చాక ఒకటే నియమం: నిలిచిన నీరు ఇరవైనాలుగు గంటల్లో పోవాలి. గంటకు పావంగుళం దిగే నేలలో ఆరంగుళాల నీరు సరిగ్గా ఇరవైనాలుగు గంటలకు పోతుంది. కనుక ఆరంగుళాల తోటకు అది కనీస హద్దు. గంటకు అంగుళంలో ఎనిమిదో వంతే దిగితే లోతు మూడంగుళాలే వుండాలి. అప్పుడు అదే 500 అడుగుల డాబాకు తోట 167 చదరపు అడుగులు కావలసి వస్తుంది. అంత చోటు లేకపోతే రెండడుగుల లోతు మట్టి తీసేసి, ఇసుక సగానికి కొంచెం ఎక్కువ, తక్కినదానిలో మంచి పైమట్టి, బాగా చివికిన కంపోస్టు కలిపి నింపుతారు. అడుగున కంకర వేసి చిల్లుల గొట్టం ఒకటి పరిచి కాలవకు కలుపుతారు. ఖర్చు పెరుగుతుంది; అయినా నీరు ఒక్కసారిగా కాక నెమ్మదిగా బయటికి పోతుంది గనుక పల్లపు యింటివారికి ఆ మేర మేలే.

బాపట్ల, చీరాల వైపు యిసుక నేలల్లో కథ వేరు. గంటకు రెండంగుళాలు సులువుగా పోతాయి. ఎనిమిదంగుళాల లోతు పెట్టి 63 అడుగులతో సరిపెట్టుకోవచ్చు. అక్కడ చూసుకోవలసింది ఊటనీటి మట్టం. వానాకాలంలో బావిలో నీరు యెంత పైకి వస్తుందో చూసి, తోట అడుగు దానికి రెండడుగులైనా పైన వుండేటట్లు చూడాలి. లేకపోతే నీరు యింకడానికి చోటే వుండదు.

హైదరాబాదు ఎర్రమట్టి, కింది మొరం మంచివే. కాని ఒక్కొక్క చోట రెండడుగులకే బండ తగులుతుంది. తగిలిందంటే అది తోట కాదు, తొట్టి. ఇంకోచోట తవ్వి చూసుకోవలసిందే.

ఎక్కడ, యెలా

ఇంటి పునాదికి పది అడుగుల దూరం వుంచమని అందరూ చెబుతారు. మూడు వందల గజాల స్థలంలో యింటి ముందు ఇరవై అడుగుల ఖాళీ వున్నదనుకోండి. యింటి నుంచి పదిన్నర అడుగులు వదిలి, ఏడడుగుల తోట వేసి, ప్రహరీ గోడకు రెండున్నర అడుగులు వదిలితే కొలత సరిగ్గా కుదురుతుంది. నూరు గజాల స్థలంలో యిది కుదరదు. కుదరనప్పుడు గోడ పక్కనే తవ్వేసి సరిపెట్టుకోవడం, ముఖ్యంగా రేగడిలో, పునాదితో చెలగాటం. రేగడి తడిసినప్పుడల్లా వుబ్బుతుంది, ఎండినప్పుడల్లా కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి.

సెప్టిక్ ట్యాంకు పక్కన వద్దు. బోరు గొట్టం పక్కన వద్దు. డాబా మురికి గొట్టం వెంబడే కిందికి దిగే ప్రమాదం వుంది. పెద్ద వేపచెట్టు కింద తవ్వి వేళ్ళు నరకవద్దు. ఎప్పుడూ నీరు నిలిచే మూల వుంటే అది తోటకు తగిన చోటని అందరికీ అనిపిస్తుంది గాని, నీరు నిలుస్తోందంటేనే అక్కడ నేల తాగడం లేదని అర్థం. వంటింటి నీళ్ళు, బట్టల సబ్బు నీళ్ళు, కారు కడిగిన నీళ్ళు యిందులోకి రానివ్వకూడదు.

గొట్టం నుంచి తోట దాకా షాబాదు బండలు పరిచి చిన్న కాలవ చేస్తే చాలు. నీరు తోటలో పడే చోట గులకరాళ్ళు పొయ్యాలి; లేకపోతే మొదటి పెద్ద వానకే అక్కడ గొయ్యి పడుతుంది. గుంట అడుగు సమమట్టంగా వుండాలి. ఇది ముఖ్యం. ఒక పక్కకు వాలితే నీరంతా ఆ కొసకు చేరి తోటలో సగం ఎండుతుంది, సగం కుళ్ళుతుంది. మేస్త్రిని అడిగి రసమట్టం పెట్టించండి, లేదా వాళ్ళు వాడే నీళ్ళ గొట్టంతో నాలుగు మూలలూ సరిచూడండి. జీవితమంతా వాటం పెట్టిన మేస్త్రికి వాటం లేకుండా చెయ్యమంటే మొదట నచ్చదు. దగ్గర నిలబడి చేయించుకోవాలి.

ఇక పొర్లుడు దారి. పై అంచులో ఒక చోట అడుగు వెడల్పున కొంచెం తగ్గించి రాళ్ళు పరచండి. నీరు ఆరంగుళాలు నిండగానే అక్కడి నుంచి మాత్రమే బయటికి పోవాలి. ఆ దారి మీ గడపకంటె బాగా కిందుండాలి, పక్కవారి గోడ వైపు కాకుండా వీధి కాలవ వైపు తిరగాలి. తవ్విన మట్టితో మిగతా మూడు పక్కలా చిన్న కట్ట పోసి కాలితో తొక్కితే గట్టిపడుతుంది. కట్టను తొక్కండి గాని గుంట అడుగును తొక్కవద్దు. తడి మట్టిలో నాలుగుసార్లు తిరిగితే వరిమడి దమ్ము చేసినట్లై నీరు దిగడం మానేస్తుంది.

ఏ మొక్కలు?

తామరలు వేసుకోవచ్చా అని ఆడవాళ్ళు ఉబలాటపడతారు. వీల్లేదు. ఈ తోటలో నీరు వుండేది యేడాదిలో కొన్ని రోజులే. తక్కిన రోజుల్లో మామూలు మడికంటె పొడి. ఒక రోజు మునిగినా చావని, నెల రోజులు ఎండినా చావని మొక్క కావాలి. అలాంటి వాటిలో మహారాజు వట్టివేరు. దాని వేళ్ళు నిలువునా కిందికి, మనిషి లోతుకు మించి దిగి, నీటికి దారులు చేస్తాయి. అడుగు దూరంలో ఒక దుబ్బు చొప్పున నడుమ నాటండి. మెట్టతామర పువ్వు అందం, మొక్క మొండి, అదీ నడిమికే. వాలు మీద నిమ్మగడ్డి, నందివర్ధనం. పై అంచున, నీరు నిలవని చోట, మందారం, కనకాంబరం, తులసి. పూజకూ జడకూ పువ్వులు కావాలనే యింటి ఇల్లాలి కోరిక పై అంచున తీరుతుంది, లోపల కాదు.

తవ్వకం వేసవిలో ముగించి, మృగశిర కార్తెలో మొదటి జల్లులకు మొక్కలు నాటితే సరైన అదను. మొదటి యేడాది వాన లేనప్పుడు నీళ్ళు పొయ్యాలి, కలుపు తియ్యాలి. నేల మీద ఎండుటాకులు పరచవద్దు. వానకు తేలి పొర్లుడు దారికి అడ్డం పడతాయి. ముతక కంకర పలచగా వెయ్యండి. గులకరాళ్ళ దగ్గర చేరిన బురదను ప్రతి పెద్ద వాన తర్వాతా తీసెయ్యండి. ఇంట్లో సిమెంటు పని జరిగినప్పుడు పనివాళ్ళు తట్టలు, పారలు తోటలో కడగకుండా కాపలా కాయండి. సిమెంటు పాలు ఒక్కసారి అడుక్కి దిగాయంటే మీరు చేసిన పనంతా వృథా.

దోమల మాట. డెంగీ తెచ్చే దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా కనీసం వారం పడుతుంది. ఇరవైనాలుగు గంటల్లో ఎండే గుంటలో దానికి సంసారం సాగదు. మీ యింట్లో దోమలు వుంటే కూలరు అడుగున, పూలకుండీల పళ్ళేల్లో, మేడమీది పాత టైరులో వెతకండి.

ఎంతవరకు?

ఈ తోట వుంటే వరదలు రావని యెవరైనా చెబితే నమ్మవద్దు. 2000 ఆగస్టులో హైదరాబాదులో ఒక్క రోజున 24 సెంటీమీటర్లు కురిసింది. అంటే తొమ్మిదిన్నర అంగుళాలు. మన లెక్కలోని గొట్టం నుంచి ఆ రోజు దాదాపు 400 ఘనపు అడుగుల నీరు వస్తుంది. తోట పట్టేది 42. 2020 అక్టోబరులో నగరం అంచున ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు డాబా నీరు కాదు, యేరు. అలాంటి నీటికి చెరువులు, నాలాలు, కట్టలు కావాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచాక విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయ్యాయి. వచ్చే నీటిని ఎగువనే కాసేపు ఆపాలన్నదే అక్కడి ఉపాయం కూడా. ఆ పని గిన్నెడు మేర మన పెరట్లో జరుగుతుంది, అంతే.

కాని పల్లపు యింటివారిని అడిగి చూడండి. వాళ్ళను కుంగదీసేది ఇరవైయేళ్ళకొకసారి వచ్చే ప్రళయం ఒక్కటే కాదు. వానాకాలంలో నెలకు నాలుగుసార్లు అంగుళం వానకే గుమ్మం దాకా వచ్చే మురికినీరు, తడిసిన పరుపులు, బడికి పోలేని పిల్లలు. ఆ అంగుళం వాన మన లెక్కలో వున్నదే.

అపార్టుమెంట్లవారికి యిదంతా వర్తించదని అనుకోనక్కర్లేదు. అక్కడ డాబా పెద్దది, వాటాదారులు యెక్కువ, మట్టి తక్కువ. కార్లు నిలిపే చోటంతా గచ్చే. అయినా ప్రహరీ వెంబడి మూడడుగుల వెడల్పున పొడుగాటి పట్టీ ఒకటి చాలా చోట్ల వుంటుంది. దానిలో క్రోటన్లు నేలకంటె అడుగు ఎత్తున మట్టి దిబ్బ మీద పెరుగుతూ వుంటాయి. ఆ దిబ్బను తీసేసి, నేలకంటె ఆరంగుళాలు దించితే అదే తోట. ముప్ఫై అడుగుల పట్టీ అయితే 90 చదరపు అడుగులు, 540 అడుగుల డాబాకు అంగుళం వాన. ప్రహరీ పునాది యెంత లోతుందో ముందు చూసుకోవాలి. పాత గోడ అయితే గోడ వైపు రాతి అంచు కట్టించాలి. పట్టీకి వీధి వాలుగా వుంటే ప్రతి పదడుగులకూ ఒక అడ్డుకట్ట వేసి మూడు మెట్లుగా చెయ్యాలి, లేకపోతే నీరంతా కింది కొసకే చేరుతుంది. సంఘం సమావేశంలో పెడితే "కార్లకు చోటు తగ్గుతుందా?" అని మొదటి ప్రశ్న వస్తుంది. తగ్గదు. క్రోటన్ల పట్టీలో యిప్పుడు కూడా యెవరూ కారు పెట్టడం లేదు.